బడిలో లేని విద్యకు గురువును కుదుర్చుకోవడం: హైదరాబాదు తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా వీణ నేర్చుకుంటానంది. మా ఇంట్లో అంతకుముందు ఎవరికీ సంగీతం రాదు. ఎవరిని అడగాలో తెలీదు, ఎంత ఇవ్వాలో తెలీదు, చెప్పేవాళ్లు సరిగ్గా చెప్తున్నారో లేదో కనిపెట్టే దారి కూడా లేదు. లెక్కల ట్యూషన్ అయితే యూనిట్ టెస్ట్ మార్కులు చూస్తే సంగతి తెలిసిపోతుంది. వీణకు ప్రోగ్రెస్ కార్డు ఎక్కడిది? ఇప్పుడు ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది, వీణ వదల్లేదు. దాని తమ్ముడు చెస్ నేర్చుకుంటున్నాడు. మధ్యలో వాడికి కోడింగ్ క్లాసు ఒకటి పెట్టించి చేతులు కాల్చుకున్నాం. మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి పిల్లలకు ఏ క్లాసు పెట్టించాలన్నా నన్ను అడగడం అలవాటైంది కాబట్టి, అందరికీ చెప్పేదంతా ఒక్కచోట రాస్తున్నాను.

మొదట ఒక్క మాట పట్టుకోండి. స్కూల్లో ఉన్న సబ్జెక్టును స్కూలే మోస్తుంది. దానికి పీరియడ్ ఉంటుంది, బెల్లు కొడతారు, హోంవర్క్ ఇస్తారు, పరీక్ష పెడతారు, రాకపోతే డైరీలో రాసి పంపుతారు. సంగీతానికో చెస్‌కో ఉర్దూకో ఇవేవీ ఉండవు. గురువుగారు వారానికి రెండు గంటలు పాఠం చెప్తారు. బెల్లు కొట్టడం, పాఠం అప్పజెప్పించుకోవడం, ఎంత వచ్చిందో చూసుకోవడం లాంటి మిగతా స్కూలు పనంతా ఇంట్లోవాళ్లదే. ఈ పనికి సిద్ధంగా లేకపోతే ఎంత గొప్ప మాస్టారు దొరికినా ఆరు నెలలకు మించి సాగదు. నేను చూసిన చాలా ఇళ్లలో ఆగిపోయింది ఇక్కడే.

మొదటి మెట్టు: నేర్చుకుంటానన్నది ఎవరు?

పిల్లలు అడిగారా, మనకు సరదా ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. మనకు సరదా ఉంటే తప్పేం లేదు, పిల్లలకు చూపించండి. చూపించకుండా చేర్పించడమే తప్పు. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది, సైఫాబాద్‌లో రవీంద్రభారతి ఉంది, మాదాపూర్‌లో శిల్పారామం ఉంది. చాలా కార్యక్రమాలకు టికెట్ కూడా ఉండదు. మూడుసార్లు తీసుకెళ్లండి. మొదటిసారి ఐస్‌క్రీమ్ కోసం వస్తారు. మూడోసారి కూడా ముందు వరసలో కూర్చుని వేళ్లవైపు చూస్తున్నారంటే ఆసక్తి నిజమే.

ఏది ఇష్టమో పిల్లలకే తెలియనప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్ మంచి చోటు. సంగీతం, నాట్యం, బొమ్మలు వేయడం అన్నీ ఒకే ఆవరణలో, పెద్ద ఖర్చు లేకుండా రుచి చూడొచ్చు. ఆటల మీద మోజుంటే వేసవిలో జీహెచ్ఎంసీ పెట్టే కోచింగ్ క్యాంపులు ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో నెల రోజులు ఇలా తిప్పి, జూన్‌లో నిర్ణయించుకుంటే డబ్బూ మిగులుతుంది, పిల్లలకు టెన్షనూ ఉండదు.

వాయిద్యం మాత్రం వెంటనే కొనకండి. వయొలిన్ అయితే పిల్లల చేతికి తగినట్టు చిన్న సైజుల్లో దొరుకుతుంది, పిల్లలు ఎదిగేకొద్దీ మార్చుకోవాలి. వీణ అలా కాదు, బరువైనది, చెయ్యి చాచితే పై మెట్లు (తీగల కింద అడ్డంగా వరసగా ఉండే కమ్మీలు) అందాలి. పనస చెక్కతో ఒకే దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ గురించి షాపువాళ్లు చాలా చెప్తారు. బొబ్బిలి వీణలకు ఆ పేరు ఊరికే రాలేదు. కానీ మొదటి ఏడాదికి అంత వీణ అక్కర్లేదు. నేర్చుకుని పక్కన పెట్టేసినవాళ్ల ఇళ్లలో బోలెడు వీణలు దుమ్ముపట్టి ఉన్నాయి. టీచరుగారినే అడగండి, ఆవిడకు తెలిసే ఉంటుంది.

రెండో మెట్టు: వారంలో గంటలు లెక్కపెట్టండి

ఒక కాగితం మీద పిల్లల వారం రాయండి. స్కూల్ బస్సు ఎన్నింటికి దింపుతుంది, హోంవర్క్ ఎంతసేపు, ఆట ఎంతసేపు, నిద్ర ఎన్నింటికి. ఆటను కొట్టేసి క్లాసుకు చోటు చేయకండి. ఆట తీసేసిన చోట పెట్టిన సంగీతం మీద పిల్లలకు కోపమే మిగులుతుంది. క్లాసుకు రెండు గంటలు దొరికితే సరిపోదు, రోజూ ఇంట్లో సాధనకు 20 నిమిషాలు కూడా దొరకాలి. ఆ 20 నిమిషాలు ఆ కాగితం మీద ఎక్కడా కనపడకపోతే ఈ ఏడు ఆగండి.

ఈ ఊళ్లో దూరాన్ని సాయంత్రం 6 గంటల ట్రాఫిక్‌తో కొలవాలి. కూకట్‌పల్లిలో ఉండి నల్లకుంటలో మంచి మాస్టారు ఉన్నారని వారానికి రెండుసార్లు సాయంత్రాలు వెళ్దామనుకుంటే, వానాకాలం మొదటి జల్లుకే ఆ సంకల్పం కరిగిపోతుంది. అంత దూరం తప్పదనుకుంటే శని, ఆదివారాల్లో పొద్దున్నే అడగండి. మేం మల్కాజిగిరి నుంచి పద్మారావు నగర్‌కు పొద్దున 6:30 క్లాసుకు వెళ్లేవాళ్లం. రోడ్లు ఖాళీ, పిల్ల బుర్ర తాజా. చిక్కడపల్లికి మెట్రో స్టేషన్ ఉంది, వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని హాయిగా వెళ్లిరావచ్చు.

ఆన్‌లైన్ క్లాసు సంగతి అందరూ అడుగుతారు. చెస్, భాషలు, కోడింగ్ ఆన్‌లైన్‌లో బాగానే నడుస్తాయి. వాయిద్యం, నాట్యం మొదటి ఏడాది ఆన్‌లైన్‌లో వద్దనే నా మాట. శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి టీచరుగారు తాళం వేస్తుంటే పిల్లకు కలిపి వాయించడం కుదరదు. మణికట్టు వంగిందో, మోకాలు సరిగ్గా తెరుచుకుందో కెమెరాలో తెలియదు. పునాదిలో పడ్డ తప్పును తర్వాత సరిచేయడానికి నేర్చుకున్న దానికంటే ఎక్కువ కాలం పడుతుంది.

మూడో మెట్టు: ఎక్కడ వెతకాలి

వాట్సాప్ గ్రూపులో అడిగితే ముందు వచ్చేవి ప్రకటనలే. అంతకంటే మంచి దారులున్నాయి. రాంకోటిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల, సికింద్రాబాదులో శ్రీ భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. అక్కడ చదివి బయటికి వచ్చినవాళ్లు చాలామంది ఇళ్ల దగ్గర పాఠాలు చెప్తున్నారు. వెళ్లి ఆఫీసులో, వరండాలో నాలుగు మాటలు కలపండి. అన్నట్టు, పిల్ల కాస్త పెద్దదైతే ఆ కాలేజీల్లోనే చేర్చవచ్చేమో కూడా అడిగిరండి. కచేరీ అయ్యాక వాద్యం సర్దుకుంటున్న కళాకారుల దగ్గరికి వెళ్లి, "మా పేటలో చిన్నపిల్లలకు ఎవరు బాగా చెప్తారండీ" అని అడిగితే ఎవరూ విసుక్కోరు. గొప్పగా వాయించేవారందరూ గొప్పగా చెప్తారని లేదు. చిన్నపిల్లలకు ఎవరు బాగా చెప్తారో మాత్రం వాళ్లకు బాగా తెలుసు.

భాషలకు ఊళ్లో దారి సులువు. దోమలగూడ రామకృష్ణ మఠంలో వివేకానంద భాషా సంస్థ ఉంది, సంస్కృతం దగ్గర్నుంచి విదేశీ భాషల దాకా చెప్తారు. జర్మన్‌కు గోథే జెంట్రుమ్, ఫ్రెంచికి అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉన్నాయి. పంజాగుట్టలో ఐవాన్-ఎ-ఉర్దూ భవనంలో 1931లో పుట్టిన ఉర్దూ సాహిత్య సంస్థ ఇదారె అదబియాత్-ఎ-ఉర్దూ ఉంది. ఏ వయసు నుంచి తీసుకుంటారన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ముందు ఫోన్ చేయండి. పిల్ల చిన్నదై ఇంటికొచ్చి చెప్పేవాళ్లు కావాలన్నా వీటి చుట్టుపక్కల అడిగితేనే నమ్మకమైనవాళ్లు దొరుకుతారు. హైదరాబాదులో పుట్టిన పిల్లలు చార్మినార్ దగ్గర ఉర్దూ బోర్డులు చదవగలిగితే ఎంత బాగుంటుందో! ఉర్దూ లిపి నేర్చుకోవడానికి ఈ ఊరికంటే మంచి బడి లేదు.

చెస్‌కు టోర్నమెంట్ జరిగే హాలు బయట నిలబడండి. లోపల పిల్లలు ఆడుతుంటే బయట తల్లిదండ్రులు నాలుగైదు గంటలు కూర్చునుంటారు. ఏ కోచ్ ఎలా చెప్తారో వాళ్లంత వివరంగా చెప్పేవాళ్లు ఇంకెక్కడా దొరకరు.

ఒక జాగ్రత్త. పిల్ల చదివే స్కూల్లోని డ్రాయింగ్ టీచరునో మ్యూజిక్ టీచరునో ఇంటికొచ్చి చెప్పమని బతిమాలకండి. స్కూలు టీచర్లు ప్రైవేటు ట్యూషన్ చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ అంటోంది. మన సౌకర్యం కోసం వాళ్ల ఉద్యోగానికి ఇబ్బంది తేవడం భావ్యం కాదు.

నాలుగో మెట్టు: మొదటి ఫోన్

ఫీజు ఎంత అని మొదలుపెట్టకండి. పిల్ల వయసు, ఏ పేటలో ఉంటారు, ఇంతకుముందు ఏమైనా నేర్చుకుందా, ఏ రోజులు కుదురుతాయి, ఈ నాలుగూ చెప్పి, "మీ దగ్గర ఈ వయసు పిల్లలు ఎంతమంది ఉన్నారండీ? ఒకసారి క్లాసు చూడటానికి రావచ్చా?" అని అడగండి. మా వీణ టీచరుగారు ఆ రోజు అన్నమాట నాకింకా గుర్తుంది.

"రండమ్మా. పాపకేం చెప్పి తీసుకురావద్దు. ఊరికే మా ఇంటికి వస్తున్నామని చెప్పండి. ముందు చెయ్యి చూడాలి, ఆ తర్వాత మాట్లాడదాం."

అంతకుముందు ఫోన్ చేసిన ముగ్గురూ మూడు నెలల్లో పాట వాయిస్తుందని మాటిచ్చారు. ఈవిడ ఏ మాటా ఇవ్వలేదు. ఇన్నేళ్ల తర్వాత చెప్తున్నాను, మాట ఇవ్వనివాళ్ల దగ్గరికే ముందు వెళ్లండి.

ఐదో మెట్టు: ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. డెమో క్లాసు అంటే చాలామంది మన పిల్లకు చెప్పించి చూస్తారు. ఆ రోజు ఎవరైనా ముద్దుగానే చెప్తారు. వేరే పిల్లకు, ఏడాదిగా నేర్చుకుంటున్న పిల్లకు ఎలా చెప్తున్నారో చూడండి.

పద్మారావు నగర్‌లో పాత ఇంటి మేడ మీద గది. చాప మీద తొమ్మిదేళ్ల పిల్లొకతె వీణ ముందు కూర్చుంది. పక్కన చిన్న స్టీలు గిన్నెలో కొబ్బరినూనెలో ముంచిన దూది. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు దూదికి అద్దుకుని, తీగ మీద పెట్టింది. ఆ వేళ్ల కొసల మీద నల్లటి గీతలు. జంట స్వరాలు (ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే పాఠం) వాయిస్తూ ఒకచోట తడబడింది. మళ్లీ వాయించింది, మళ్లీ అక్కడే. టీచరుగారు "తప్పు" అనలేదు. వీణ మీద చెయ్యి పెట్టి మోత ఆపి, "పాడు" అన్నారు. పిల్ల పాడింది, సరిగ్గానే పాడింది. "చెవికి వచ్చింది, వేలికి రాలేదు. అంతే. ఇక్కడ నీ వేలు మెట్టుకు దూరంగా పడుతోంది, చూడు" అని ఆ వేలిని గోరంత ముందుకు జరిపారు. శబ్దం గణగణమంది. ఆ ముక్కనే మొదటి కాలంలో, అంటే అన్నిటికంటే నెమ్మదిగా, ఏడెనిమిది సార్లు వాయించాక గానీ ముందుకు పోనివ్వలేదు.

ఆ పది నిమిషాల్లో నాకు కావాల్సిందంతా తెలిసింది. సంగీతం రాని నాక్కూడా తెలిసింది. తప్పు ఎక్కడ పడుతోందో ఆవిడ విన్నారు, ఎందుకు పడుతోందో వెతికారు, దిద్దారు, దిద్దింది నిలబడేదాకా ఆగారు. ఏ విద్యకైనా మీరు చూడాల్సింది ఇదే. దీనికి ముందు ఇంకో చోట చూసిన క్లాసులో మాస్టారు 40 నిమిషాలు తనే అద్భుతంగా వాయించారు, పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. వాళ్ల చేతులు వీణ మీద పడింది చివరి ఐదు నిమిషాలే.

చెస్ కోచ్ దగ్గర ఇదే పరీక్ష వేరే రూపంలో ఉంటుంది. మావాడిని ఆడించి, ఓడిపోయాక, "ఈ ఎత్తు ఎందుకు వేశావు?" అని అడిగి ఆయన ఊరుకున్నారు. నిమిషం పైనే పట్టింది మావాడికి జవాబు రావడానికి. ఆయన మధ్యలో అందించలేదు. తర్వాత, ఎత్తులన్నీ పుస్తకంలో రాసుకోవడం నేర్పించి, గెలిచిన ఆటలకంటే ఓడిన ఆటలే ముందు తెమ్మన్నారు. ఓడిన ఆట వెనక్కి చూపించని కోచ్ దగ్గర పిల్లలు ఆడుతూనే ఉంటారు, ఎదగరు.

నాట్యానికి అరమండిలో (మోకాళ్లు పక్కలకు తెరిచి సగం కూర్చున్న భంగిమ) పిల్లల మోకాళ్లు, నడుము గమనిస్తున్నారా, నేల ఎలాంటిది అని చూడండి. సిమెంటు నేల మీద గంటసేపు అడుగులు వేయిస్తే చిన్నపిల్లల కాళ్లు నొప్పెడతాయి. కోడింగ్ అయితే మాస్టారు టైపు చేసింది పిల్లలు చూసి ఎక్కించుకుంటున్నారా, సొంతంగా ఒక చిన్న ఆట తయారుచేసి తప్పులు తామే వెతుకుతున్నారా అన్నది చాలు. ఎనిమిదేళ్ల పిల్లలకు మొదలుపెట్టడానికి స్క్రాచ్ (రంగు ముక్కలు పేర్చి ప్రోగ్రాం తయారుచేసేది) ఉచితంగా దొరుకుతుంది. దానికే వేలకు వేలు అడిగితే ఆ డబ్బు దేనికో అడగండి.

ఆరో మెట్టు: డబ్బు, మాట, కాగితం

ఫీజును నెలతో కాకుండా గంటతో లెక్కేయండి. నెలకు 8 క్లాసులు, ఒక్కోటి 45 నిమిషాలు అంటే 6 గంటలు. ఉదాహరణకి నెలకు 3,000 రూపాయలైతే గంటకు 500. ఇది ఒక్క పిల్లకే చెప్తే ఒక లెక్క, బ్యాచ్ అయితే వేరే లెక్క. 45 నిమిషాల్లో 12 మంది ఉంటే ఒక్కొక్కరి వంతుకు 4 నిమిషాలు కూడా రావు. నాట్యం బ్యాచ్‌లో బాగుంటుంది, పిల్లలు ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. వీణకు, వయొలిన్‌కు ఇద్దరు ముగ్గురికి మించితే కష్టం. పెద్ద అకాడమీల బిల్లులో 18 శాతం జీఎస్టీ కలవొచ్చు, చెప్పిన ఫీజు పన్నుతో కలిపా, విడిగానా అని ముందే తేల్చుకోండి.

ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. మేం కట్టాం. ఒక పెద్ద కోచింగ్ సంస్థ వాళ్లు, ఈ రోజే కడితే తగ్గింపు అన్నారు, మావాడి కోడింగ్ క్లాసుకు 12 నెలల డబ్బు కట్టేశాం. మూడో నెలలో చెప్పే అబ్బాయి మానేశాడు. తర్వాత నెలకో కొత్త మనిషి. ఎవరొచ్చినా మళ్లీ మొదటి పాఠం నుంచే. మావాడు "అమ్మా, ఇది మూడోసారి" అన్నప్పుడు గానీ నాకు తెలియలేదు. తిరిగి ఇమ్మంటే మేం చదవకుండా సంతకం పెట్టిన కాగితం చూపించారు. సగం డబ్బు కూడా వెనక్కి రాలేదు. అప్పుడు నాకు తెలియదు గానీ, ఇలాంటి వాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 1915. ఫోన్ చేసేముందు రసీదులు, మెసేజ్‌లు దగ్గర పెట్టుకోండి.

ఇంటి దగ్గర చెప్పే మాస్టారుతో ఒప్పందం కాగితం రాయించుకోవడం మర్యాదగా ఉండదు. వాట్సాప్‌లో ఒక మెసేజ్ చాలు: "నమస్కారమండీ. మనం అనుకున్నట్టు శని, ఆదివారాలు పొద్దున 6:30కి, 45 నిమిషాలు. ఫీజు ప్రతి నెల 5లోపు ఇస్తాను. మేం రాలేనప్పుడు ముందురోజే చెప్తాం. మీకు కుదరనప్పుడు ఆ క్లాసు వేరే రోజు పెడదామన్నారు. పండగలకు, స్కూలు పరీక్షలకు ఎలా చేద్దామో చెప్పండి." దీనికి వాళ్లు సరేనంటే ఇద్దరికీ స్పష్టంగా ఉంటుంది. మొదటి నెల చూసుకునే నెల అని కూడా ముందే చెప్పుకోండి.

మనవైపు నుంచి ఒక మాట. పిల్లకు జలుబు చేసి రెండు క్లాసులు పోతే ఫీజులో కోసుకోకండి. ఆ సమయం వాళ్లు మన పిల్ల కోసం ఖాళీగా పెట్టుకున్నదే. చాలామంది కళాకారుల ఇంటికి ఈ ట్యూషన్ ఫీజులే ఆధారం. విజయదశమికి, గురుపూర్ణిమకు పళ్లు, తాంబూలం పట్టుకెళ్లి పిల్లచేత దణ్ణం పెట్టించండి, అది వేరే సంగతి. నెలనెలా ఫీజు మాత్రం అడిగించుకోకుండా ఇవ్వాలి.

ఏడో మెట్టు: భద్రత

మొహమాటానికి పోకుండా చదవండి. ఇంటికి వచ్చి చెప్పేవాళ్లయితే గుర్తింపు కార్డు చూడండి, ఇంతకుముందు చెప్పిన రెండు ఇళ్ల నంబర్లు తీసుకుని నిజంగా ఫోన్ చేయండి. క్లాసు హాల్లో జరగాలి, లేదా తలుపు తెరిచి ఉన్న గదిలో. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. మనం పంపే చోట కూడా అంతే, చెప్పకుండా మధ్యలో వెళ్తే అభ్యంతరం ఉండకూడదు. నాట్యంలో, వాయిద్యాల్లో భంగిమ సరిచేయడానికి చెయ్యి పట్టుకోవాల్సి వస్తుంది. ఎక్కడిదాకా మామూలో, ఎక్కడ కాదో పిల్లకు ముందే చెప్పండి. ఇబ్బందిగా అనిపిస్తే లేచి వచ్చేయొచ్చని, అమ్మ తిట్టదని చెప్పండి. ఆన్‌లైన్ క్లాసుల మెసేజ్‌లు మీ ఫోన్‌కే రావాలి, పిల్లకు విడిగా చాట్ వద్దు. అనుమానం వస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ ఉంది, పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ఉంది. క్లాసంటే బాగా ఇష్టపడే పిల్ల ఒక్కసారిగా వెళ్లనంటే, బద్ధకమని తిట్టేముందు పక్కన కూర్చోబెట్టుకుని అడగండి.

ఎనిమిదో మెట్టు: ఇంట్లో సాధన

ఇక్కడే మనం బెల్లు కొట్టాలి. మా ఇంట్లో పొద్దున 6:10. పాలు తాగాక, స్కూల్ యూనిఫాం వేసుకోకముందు. ఆ టైముకు అలవాటు పడటానికి నెల పట్టింది, ఆ తర్వాత ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సాయంత్రం పెట్టుకున్నవాళ్లకు హోంవర్క్, చుట్టాలు, కరెంటు అన్నీ అడ్డొస్తాయి.

మొదటి ఆరు నెలలు పక్కన కూర్చోండి. మీకు ఆ విద్య రానక్కర్లేదు. క్లాసులో చెప్పింది టీచరుగారి అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసుకుని, ఇంట్లో పిల్ల వాయించింది దాని పక్కన పెట్టి వినండి. తేడా మీకూ తెలుస్తుంది. మా అమ్మాయి రోజూ నాకు పాఠం చెప్పేది. నేను తప్పు పాడితే దిద్దేది. నాకు దిద్దుతూ తన తప్పు తనే కనుక్కునేది. సంగీతంలో మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాలు నాకూ అలాగే వచ్చాయి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఆ రోజు చెప్పింది, ఎక్కడ చిక్కుకుంది. మూడే ముక్కలు. తర్వాతి క్లాసు మొదట్లో టీచరుగారు దాన్ని చూస్తే పది నిమిషాలు కలిసొస్తాయి. ప్రోగ్రెస్ కార్డు లేదన్నాను కదా, మూడు నెలల తర్వాత ఆ పుస్తకం వెనక్కి తిరగేస్తే అదే ప్రోగ్రెస్ కార్డు. జనవరిలో చిక్కుకున్నచోటే ఏప్రిల్‌లోనూ చిక్కుకుంటోందంటే టీచరుగారితో కూర్చుని మాట్లాడాలి.

ఎంత వస్తే వచ్చినట్టు? కర్ణాటక సంగీతంలో వరస ఎప్పుడో ఏర్పడింది. పురందరదాసు మాయామాళవగౌళ రాగంతో మొదలుపెట్టించిన పద్ధతే ఇప్పటికీ. సరళీ స్వరాలు, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు, ఆ తర్వాత మలహరి రాగంలో గీతాలనే చిన్న పాటలు. మొదటి మూడు నెలల్లో పాట వినాలని ఆశపడకండి. శృతిలో నిలబడుతోందా, తాళం జారకుండా ఉందా, ఆ రెండు చాలు. ఎవరైనా సరళీ స్వరాలు దాటించి సరాసరి సినిమా పాట వాయింపిస్తుంటే, చుట్టాలకు చూపించుకోవడానికి బాగుంటుంది, ఆ పిల్ల మాత్రం ఆ ఒక్క పాట దగ్గరే ఆగిపోతుంది. చుట్టాలంటే గుర్తొచ్చింది, ఇంటికొచ్చిన ప్రతివాళ్ల ముందూ "ఏదీ, ఒకటి వాయించు" అనకండి. మా అమ్మాయి ఒక సంక్రాంతికి గదిలోకెళ్లి తలుపేసుకుంది. అప్పట్నుంచి మానేశాం.

వీణ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. మెట్లు మైనం మీద కూర్చోబెట్టి ఉంటాయి. మే నెలలో పార్క్ చేసిన కారులో వదిలేసి షాపింగ్‌కు వెళ్లారంటే మైనం మెత్తబడి మెట్లు కదిలిపోతాయి, స్వరస్థానాలన్నీ తప్పుతాయి. మళ్లీ మేళం కట్టించాల్సిందే, అంటే మెట్లన్నీ తిరిగి సరైన చోట కూర్చోబెట్టించాల్సిందే. ఎండలో వీణను పసిపిల్లలా చూసుకోవాలి.

తొమ్మిదో మెట్టు: పరీక్షలు, సర్టిఫికెట్లు

మొదటి రెండేళ్లు వీటి ఊసెత్తకండి. తర్వాత కావాలంటే దారులున్నాయి. కీబోర్డు, గిటారు లాంటి పాశ్చాత్య సంగీతానికి ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అనే లండన్ సంస్థల గ్రేడ్ పరీక్షలు 8వ గ్రేడ్ దాకా ఉంటాయి. బొమ్మలకు రాష్ట్ర ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలున్నాయి. జర్మన్, ఫ్రెంచికి ఏ1 నుంచి సీ2 దాకా స్థాయిలు. చెస్‌లో రేటింగ్ ఉంది, ఆటగాడి బలాన్ని చెప్పే అంకె. 2024 మార్చి నుంచి ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1400 దగ్గర మొదలవుతుంది, అంత బలం రావడానికి సమయం పడుతుంది కాబట్టి, అది రాలేదని తొందరపడి పిల్లను ప్రతి ఆదివారం టోర్నమెంట్‌కు తిప్పకండి. రెండు టోర్నమెంట్ల మధ్య ఓడిన ఆటలు చూసుకునే వ్యవధి ఉండాలి. కోనేరు హంపికి తొలి గురువు తండ్రి అశోక్‌గారే. 2002లో 15 ఏళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయ్యారంటే ఇంట్లో రోజూ ఎంత పని జరిగి ఉండాలో ఊహించుకోండి.

చాలామందికి తెలియనిది సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, సంప్రదాయ సంగీతం, నాట్యం, చిత్రకళ నేర్చుకునేవాళ్లకు సీసీఆర్‌టీ అనే కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ ఇస్తుంది. దాని ప్రాంతీయ కేంద్రం మాదాపూర్‌లోనే ఉంది. మీ పిల్ల తొమ్మిదో ఏట ఉండగానే వివరాలు తెలుసుకుని పెట్టుకోండి.

పదో మెట్టు: మాస్టారును మార్చాల్సి వస్తే, పదో తరగతి వస్తే

కుదరనప్పుడు మెసేజ్ పెట్టి మాయమవ్వకండి. పిల్లను తీసుకుని వెళ్లి, నెల ముందే చెప్పి, బాకీ లేకుండా ఇచ్చి, దణ్ణం పెట్టించి రండి. ఈ ఊళ్లో సంగీతం, నాట్యం చెప్పేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే. అంతకంటే ముఖ్యంగా, పిల్ల చూస్తూ ఉంటుంది.

పదో తరగతి రాగానే అందరి ఇళ్లలోనూ ఒకే మాట, "ఈ ఒక్క ఏడాది ఆపేద్దాం." ఆపిన ఏడాది తర్వాత ఇంటర్ రెండేళ్లు, ఆ తర్వాత ఎంట్రెన్స్. మళ్లీ మొదలుపెట్టినవాళ్లను నేను తక్కువ చూశాను. మేం వెళ్లి టీచరుగారితో మాట్లాడాం. ఆవిడ కొత్త పాఠం ఏదీ ఇవ్వలేదు. వారానికి రెండు క్లాసులను నెలకు ఒకటి చేశారు. ఇంట్లో రోజూ 10 నిమిషాలు, అదీ పాతవే. పరీక్షల ముందు నెల అదీ లేదు, వీణ మీద గుడ్డ కప్పి ఉంచాం. పరీక్షలు అయిపోయిన మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి టీచరుగారికి తనే ఫోన్ చేసి, "అమ్మా, శనివారం రానా?" అని అడిగింది. మీరు కూడా తొమ్మిదో తరగతి సెలవుల్లోనే వెళ్లి ఈ ఏర్పాటు మాట్లాడుకోండి, జూన్ దాకా ఆగితే స్కూలు వాళ్ల స్టడీ అవర్స్ టైమ్‌టేబుల్ ముందు వచ్చేస్తుంది.